మ్యావడీని గెలిచినవాళ్లు రెండు వారాలు కూడా ఎందుకు నిలుపుకోలేదు?

గొల్లపూడి పప్పులకొట్టు అడిగారు:

నమస్కారం అండి అందరికీ. మాది గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో పప్పుల కొట్టు. బర్మా మినుములతో పనున్నవాళ్లం కాబట్టి అక్కడ ఏం జరిగినా మాకు ఇక్కడ టెన్షనే. 2021 ఫిబ్రవరిలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసినప్పటి నుంచి ఆ దేశం వార్తలు వదలకుండా చదువుతున్నాను. ఎంత చదివినా ఒక్క సంగతి మాత్రం కొరుకుడు పడటం లేదు.

2024 ఏప్రిల్‌లో థాయ్‌లాండ్ సరిహద్దున ఉన్న మ్యావడీ పట్టణాన్ని కరెన్ జాతి తిరుగుబాటుదారులు పట్టుకున్నారు. ఏప్రిల్ 11న అక్కడి చివరి పెద్ద క్యాంపు, 275వ బెటాలియన్‌ది, అది కూడా పడిపోయింది. సైనిక ప్రభుత్వం పని అయిపోయిందని టీవీల్లో ఒకటే హోరు. తీరా చూస్తే అదే నెల 24వ తేదీ నాటికి అదే క్యాంపులో మళ్లీ మయన్మార్ జెండా ఎగురుతోంది. పోనీ పెద్ద సైన్యం వచ్చి తిరిగి గెలుచుకుందా అంటే అదీ లేదు. అంత రక్తం చిందించి గెలిచిన ఊరిని చేజేతులా ఎలా వదులుకుంటారండీ? డబ్బు చేతులు మారిందా, థాయ్‌లాండ్ బెదిరించిందా, అసలు వాళ్లు గెలవనే లేదా?

ఇంకొకటి. ఆన్‌లైన్ ఉద్యోగాల మోసంలో మన కుర్రాళ్లు చిక్కుకున్నారని పేపర్లో వచ్చినప్పుడల్లా ఈ ఊరి పేరే కనిపిస్తోంది. ఆ గొడవకీ ఈ యుద్ధానికీ సంబంధం ఉందా? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

బ్రాడీపేట చరిత్ర మాస్టారు:

మంచి ప్రశ్న అడిగారు. మీరు చివర్లో అన్నారు చూడండి, అసలు గెలవనే లేదా అని, జవాబు దానికి దగ్గర్లోనే ఉంది.

మ్యావడీలో యుద్ధం చేసింది ఇద్దరే, కానీ అక్కడ సైన్యాలు మూడు. ఒకటి మయన్మార్ సైన్యం. రెండోది కరెన్ నేషనల్ యూనియన్ (కేఎన్‌యూ) సైన్యం, దాన్నే కేఎన్‌ఎల్‌ఏ అంటారు, 2021 తర్వాత అడవుల్లోకి వచ్చి తుపాకీ పట్టిన బర్మా కుర్రాళ్ల పీడీఎఫ్ దళాలు దానితో కలిసి పోరాడుతున్నాయి. మూడోది సా చిట్ తూ అనే ఆయన సైన్యం. ఆయనా కరెనే. కథంతా ఈ మూడో మనిషి దగ్గరే ఉంది.

కొంచెం వెనక్కి వెళ్లాలి. కరెన్ల తిరుగుబాటు 1949 జనవరిలో మొదలైంది, అంటే బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదికే. అప్పటి నుంచి ఒప్పందాలు, విరమణలు ఎన్ని జరిగినా ఆ తుపాకీ పూర్తిగా కింద పెట్టింది లేదు. 1994 చివర్లో వాళ్లలోనే చీలిక వచ్చింది. నాయకత్వంలో ఎక్కువమంది క్రైస్తవులు, కింద పోరాడేవాళ్లలో బౌద్ధులు చాలామంది, ఆ అసంతృప్తిని సైన్యం బాగా వాడుకుంది. విడిపోయిన బౌద్ధ వర్గం దారి చూపిస్తే 1995 జనవరిలో కేఎన్‌యూ రాజధాని మానర్‌ప్లా పడిపోయింది. ఆ వర్గమే 2010లో సైన్యం కింద బోర్డర్ గార్డ్ ఫోర్స్‌గా మారింది, దానికి పెద్ద చిట్ తూ. సరిహద్దు నది ఒడ్డున భూములన్నీ ఆయన చేతికి వచ్చాయి. చైనా పెట్టుబడిదారుతో కలిసి 2017 నుంచి ష్వే కొక్కో అనే కొత్త నగరం కట్టించాడు, కేసినోలు, తర్వాత ఆన్‌లైన్ మోసాల కంపెనీలు అందులోకి దిగాయి.

ఇప్పుడు 2024కి రండి. 2023 అక్టోబర్ 27న ఉత్తరాన మూడు తిరుగుబాటు సైన్యాలు కలిసి దాడి మొదలుపెట్టాయి, చైనా సరిహద్దులోని లావ్‌కాయ్ పట్టణం 2024 జనవరిలో చేజారింది. ఓడిపోయే పక్షాన ఎవరుంటారు? అదే జనవరిలో చిట్ తూ సైన్యం నుంచి జీతాలు, రేషన్ తీసుకోబోమని ప్రకటించాడు, మార్చిలో తన దళం పేరు కరెన్ నేషనల్ ఆర్మీ అని మార్చుకున్నాడు. అలా ఆయన పక్కకు జరిగాకే మ్యావడీ మీద దాడి సాధ్యమైంది. ఏప్రిల్ 5న ఊరికి పడమర ఉన్న తిన్‌గన్‌న్యీనాంగ్ స్థావరంలో కుటుంబాలతో కలిపి 600 మందికి పైగా లొంగిపోయారు. 11న 275 క్యాంపు పడింది. మిగిలిన 200 మంది దాకా సైనికులు పారిపోయి సరిహద్దు నది మీది రెండో స్నేహ వంతెన కింద తలదాచుకున్నారు.

ఇక్కడ గమనించండి. క్యాంపులు కేఎన్‌ఎల్‌ఏ చేతికి వచ్చాయి కానీ ఊళ్లో వీధుల్లో తిరిగింది చిట్ తూ మనుషులే. కస్టమ్స్, గేట్లు, నది రేవులు, అన్నీ ఆయనవే. వంతెన కింద ఉన్న సైనికులను కూడా ఆయనే కాపాడి 23, 24 తేదీల్లో తిరిగి 275 క్యాంపుకు చేర్చాడు. ఆయన్ని కాదని ఊరు నిలుపుకోవాలంటే కేఎన్‌ఎల్‌ఏ ఇంకో యుద్ధం చేయాలి, అదీ సాటి కరెన్లతో, 1995 పీడకల మళ్లీ. అందుకే 'తాత్కాలికంగా వెనక్కి తగ్గాం' అని ప్రకటించారు. చిట్ తూకి కావాల్సింది ఎవరో ఒకరు గెలవడం కాదు, వ్యాపారం ఆగకపోవడం. ఎవరు బలహీనంగా ఉంటే ఆయనకు అంత మంచిది. ఆ రెండు వారాల్లో ముందు ఒకరిని, తర్వాత రెండోవాళ్లను బలహీనం చేశాడు.

ఆటోనగర్ పదిచక్రాలు:

మాస్టారు బాగా చెప్పారు, నేను రోడ్డు సంగతి చెబుతాను. మా ఇంట్లో లారీల వ్యాపారం, ఏషియన్ హైవేల మీద నాకు చిన్నప్పటి నుంచి పిచ్చి. బెజవాడ మీదుగా పోయే ఎన్‌హెచ్-16 కూడా ఏషియన్ హైవే 45లో భాగమే, చాలామందికి తెలియదు. అది కోల్‌కతా దగ్గర ఏహెచ్-1ని కలుస్తుంది. ఆ ఏహెచ్-1 మణిపూర్‌లో మోరే దాటి మయన్మార్ అంతా తిరిగి మ్యావడీ దగ్గర థాయ్‌లాండ్‌లోకి దిగుతుంది. మన ప్రభుత్వం మోరే నుంచి మ్యావడీకి అవతలి ఒడ్డున ఉన్న థాయ్ పట్టణం మే సోట్ వరకు వేస్తామంటున్న 1,360 కిలోమీటర్ల త్రైపాక్షిక రహదారి చివరి కొస కూడా అక్కడే. కాబట్టి ఆ ఊరు మనకు మరీ పరాయిదేం కాదు.

మ్యావడీ నుంచి యాంగోన్ వైపు వెళ్లాలంటే డావ్నా కొండలు ఎక్కి కాకరేక్‌లో దిగాలి. పాత ఘాట్ రోడ్డు ఎంత ఇరుకంటే ఒక రోజు పైకి వెళ్లే బళ్లు, మర్నాడు కిందికి వచ్చే బళ్లు, రెండు వైపులా ఒకేరోజు వదిలేవాళ్లే కాదు. లోడు బండి తప్పు రోజు వస్తే రాత్రంతా కొండ కింద పడుకోవాల్సిందే. థాయ్‌లాండ్ డబ్బుతో కొత్త రోడ్డు వేసి 2015లో తెరిచాకే ఆ బాధ తీరింది. కొత్త రోడ్డు వచ్చింది, 2019లో లారీల కోసమే రెండో స్నేహ వంతెన వచ్చింది, మ్యావడీ వ్యాపారం ఏటా వంద కోట్ల డాలర్లు దాటింది. అదండీ ఆ ఊరి విలువ.

2020 లాక్‌డౌన్‌లో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర మనవాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చి ఎలా ఆగిపోయారో గుర్తుందా? హైవే ఎంత పొడుగున్నా ఒక గేటు పడితే అంతా ఆగిపోతుంది. మ్యావడీ రోడ్డు మీద అలాంటి గేట్లు ఒక్కో వర్గానికి ఒక్కొక్కటి. 2023 డిసెంబర్‌లో కాకరేక్ వైపు యుద్ధం ముదిరి మెయిన్ రోడ్డు మూతపడింది. సరుకు ఆగలేదు, అడవి దారుల్లో తిరిగింది, అక్కడ ఒకచోట కేఎన్‌యూ, ఇంకోచోట చిట్ తూ మనుషులు, మరోచోట వేరే ముఠా, అందరికీ మామూళ్లు. డీజిల్, టైర్లు, డ్రైవర్ బత్తా, గేట్లు, అన్నీ కలిపి చివరికి యాంగోన్‌లో సామాన్యుడు కొనే వంటనూనె మీద పడుతుంది.

ఊరు చేజారగానే సైన్యం పెద్ద కాన్వాయ్‌ని ఇదే రోడ్డు మీద పంపింది, ఆంగ్ జేయా ఆపరేషన్ అన్నారు దాన్ని. కవచ వాహనాలు ఉన్నాయి, పైన విమానాలు ఉన్నాయి, అయినా డావ్నా కొండల దగ్గర నెలల తరబడి ఇరుక్కుపోయింది. ఘాట్ రోడ్డులో ముందు బండి ఆగితే వెనక వంద బళ్లకు తిరగడానికి చోటుండదు, ఈ మాట లారీ నడిపిన ఎవరినడిగినా చెబుతారు. అంటే గమ్మత్తేమిటంటే, సైన్యం ఊరిని చేరలేకపోయింది, కేఎన్‌ఎల్‌ఏ ఊరిని ఉంచుకోలేకపోయింది, మధ్యలో గేటు కాసినవాడిదే రాజ్యం అయింది. మాస్టారి మాటతో నేను వందశాతం ఏకీభవిస్తాను.

గొల్లపూడి పప్పులకొట్టు:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. మాకు మినుములు యాంగోన్ పోర్టు నుంచి చెన్నైకి ఓడలో వస్తాయి కాబట్టి ఈ రోడ్డు మూతపడితే నేరుగా మాకేం కాదు అని ఇప్పుడు అర్థమైంది. మన ప్రభుత్వం 2021లో ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములకు వాళ్లతో ఐదేళ్ల ఒప్పందం కూడా చేసుకుంది. మమ్మల్ని కొట్టేది వాళ్ల చాట్ కరెన్సీ. ప్రభుత్వం చెప్పే రేటు డాలరుకు 2,100, బయట బజారులో దానికి దాదాపు రెట్టింపు నడిచింది. ఈ రేటు గోలలో అక్కడి వ్యాపారి సరుకు బిగబట్టి కూర్చుంటాడు, ఇక్కడ ఇడ్లీ రేటు పెరుగుతుంది. సరిహద్దు వ్యాపారం ఆగితే డాలర్లు తగ్గి చాట్ ఇంకా జారుతుంది, ఆ లెక్కన మ్యావడీ మా కొట్టు దాకా వచ్చినట్టే.

రంగం మనవరాలు:

నేను కొంచెం వేరే మాట చెప్పాలి, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మా అమ్మమ్మవాళ్లు రంగం, అదే ఇప్పటి యాంగోన్, నుంచి వచ్చినవాళ్లు. అక్కడి సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం 1960ల్లో కొట్లు, మిల్లులు అన్నీ స్వాధీనం చేసుకున్నప్పుడు ఉన్నదంతా అక్కడే వదిలేసి ఓడెక్కారు. చెవులకున్న కమ్మలు కూడా రేవులో తీయించుకున్నారని అమ్మమ్మ చెప్పేది, ఆ మాట చెప్పేటప్పుడు చెయ్యి చెవి మీదకి వెళ్లేది. మౌల్‌మైన్ వైపు ఇప్పటికీ తెలుగు కుటుంబాలు ఉన్నాయి, గుళ్లు కట్టుకుని పిల్లలకు తెలుగు నేర్పుకుంటున్నారు. మ్యావడీ రోడ్డులో యుద్ధం అంటే వాళ్లకు పక్క జిల్లాలో యుద్ధం.

పై రెండు జవాబుల్లోనూ గేట్లు, డబ్బు, చిట్ తూ లెక్కలు ఉన్నాయి. ఊళ్లో జనం ఏరి? 2024 ఏప్రిల్ 20న వంతెన దగ్గర మళ్లీ పోరు మొదలైనప్పుడు ఒక్క రోజులో దాదాపు 3,000 మంది నది దాటి థాయ్‌లాండ్‌లోకి పరుగెత్తారు. ఎండాకాలం కదా, నీళ్లు తక్కువ, చంకలో పిల్లలు, నెత్తిన మూటలు, నడుం లోతు నీళ్లలో నడిచి దాటారు. ఒకవైపు నుంచి డ్రోన్లు బాంబులు వేస్తుంటే ఇంకోవైపు సైన్యం విమానాలు వచ్చాయి. సైన్యం చేజారిన ఊరికి ఏం చేస్తుందో అందరికీ తెలుసు. సరిగ్గా ఏడాది ముందు, 2023 ఏప్రిల్ 11న, సగాయింగ్‌లో పాజీజీ అనే పల్లెలో జనం ఒకచోట చేరితే పైనుంచి బాంబులేసి 150 మందికి పైగా చంపారు, అందులో పసిపిల్లలు ఉన్నారు. లోయికా పట్టణంలో ఇళ్లు నేలమట్టం అయ్యాయి. మ్యావడీలో జెండా పాతి కూర్చుంటే అదే గతి పట్టేది. వెనక్కి తగ్గడంలో జనాన్ని కాపాడాలన్న ఆలోచన కూడా ఉందని నేను నమ్ముతాను. కరెన్ల గురించి రాసేటప్పుడు ఇది వదిలేస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే. థాయ్ సరిహద్దులో తొమ్మిది శిబిరాల్లో 90 వేల మంది దాకా శరణార్థులు ఉన్నారు, కొన్ని కుటుంబాల్లో మూడో తరం అక్కడే పుట్టింది. వాళ్లకు ఊరు కాలిపోవడం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

బ్రాడీపేట చరిత్ర మాస్టారు:

అమ్మా, మీ మాట కాదనను. విమానాల భయం చాలా పెద్ద కారణం, అది నేను రాసి ఉండాల్సిందే. అయితే ఒక్కటి ఆలోచించండి. అదే భయం ఏప్రిల్ 5న కూడా ఉంది కదా, అయినా దాడి చేశారు. ఊరు నిలబడుతుందని వాళ్లు లెక్క వేసుకున్నారు, చిట్ తూ తటస్థంగా ఉంటాడన్న ధీమాతో వేసుకున్న లెక్క అది. ఆయన ప్లేటు ఫిరాయించాక ఒకవైపు ఆకాశం, ఇంకోవైపు పక్కవీధి, రెండూ శత్రువులైపోయాయి. అప్పుడు జనం గురించి ఆలోచించి తగ్గారు. మీరు చెప్పిన కారణానికి, నేను చెప్పిన కారణానికి మధ్య నిజానికి గొడవ లేదు.

థాయ్‌లాండ్ సంగతి కూడా అడిగారు కదా. బెదిరించిందనలేం. వాళ్ల విదేశాంగ మంత్రి ఏప్రిల్ 12నే మే సోట్ వచ్చి వెళ్లాడు. వంతెన మీద వ్యాపారం ఆగితే వాళ్ల వ్యాపారులే గోల పెడతారు, శరణార్థులు పెరిగితే అదో తలనొప్పి. ఎవరైనా సరే, త్వరగా సద్దుమణిగితే చాలన్నదే వాళ్ల ధోరణి, దానివల్ల లాభపడిందీ చిట్ తూనే.

కృష్ణలంక కరకట్ట:

పప్పులకొట్టు అన్నగారి రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెబుతాను, ఎందుకంటే ఇది మా వీధిలో జరిగింది. మాకు తెలిసిన ఒక కుర్రాడు, డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాడు, థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ, నెలకు ఎనభై వేలు, తిండి, గది ఫ్రీ అని ఒక ఏజెంట్ చెబితే అప్పు చేసి వెళ్లాడు. 2023 నవంబర్ నుంచి భారతీయులను వీసా లేకుండానే రానిచ్చారు కాబట్టి బ్యాంకాక్ దాకా ఎవరికీ అనుమానం రాదు. ఎయిర్‌పోర్టు నుంచి ఆఫీసుకే అని కారెక్కించుకుంటారు, కారు గంటల తరబడి వాయవ్యానికి పోతూనే ఉంటుంది, చివరికి చీకట్లో పడవ. దిగాక ఫోన్, పాస్‌పోర్టు లాక్కుంటారు. ఆ అవతలి ఒడ్డు మ్యావడీ. వాడికి ఇచ్చిన పని, ఆడపిల్లల ఫొటోలు పెట్టి అమెరికాలోనో ఇండియాలోనో ఉన్న మగవాళ్లతో చాటింగ్ చేసి దొంగ పెట్టుబడుల్లో డబ్బు పెట్టించడం. రోజుకు ఇంతమందిని దింపకపోతే దెబ్బలు. తిరిగొచ్చాడు, బతికున్నాడు, ఇంకా ఎవరితోనూ సరిగా మాట్లాడడు.

ఆ కంపెనీలు ఉన్న నేల ఎవరిదో మాస్టారు పైనే చెప్పారు. ష్వే కొక్కో, కేకే పార్క్, రెండూ ఆ నది ఒడ్డునే, చిట్ తూ మనుషుల కాపలాలోనే. అందుకే యుద్ధానికీ దీనికీ సంబంధం ఉందా అంటే, ఉంది. ఊరు ఎవరిదన్నది తేల్చిన డబ్బులో మన పిల్లల చేత కొట్టించి చేయించిన పని డబ్బు కూడా ఉంది. 2025 జనవరిలో ఒక చైనా నటుడిని సినిమా అవకాశమని థాయ్‌లాండ్ రప్పించి అక్కడికే ఎత్తుకుపోయారు, అప్పుడు గానీ చైనా గట్టిగా పట్టుకోలేదు. ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ అటువైపు కరెంటు, ఇంటర్నెట్, ఇంధనం ఆపేసింది, 7,000 మందికి పైగా బయటపడ్డారు. మార్చి 10న 283 మందిని, మర్నాడు 266 మందిని మన వాయుసేన విమానాలు మే సోట్ నుంచి తెచ్చాయి. అక్టోబర్‌లో సైన్యం కేకే పార్క్ మీద దాడి చేస్తే మళ్లీ వందల మంది నది దాటి వచ్చారు, నవంబర్ 6న 270 మంది, 10న 197 మంది తిరిగొచ్చారు. వాళ్లలో తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు. అమెరికా 2025 మే నెలలో చిట్ తూ మీద ఆంక్షలు పెట్టింది, ఆయన మాత్రం అక్కడే ఉన్నాడు.

దయచేసి ఇది చదివేవాళ్లు మీ ఇంట్లో, బంధువుల్లో ఎవరైనా బ్యాంకాక్ ఉద్యోగం అంటుంటే ఆ ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ముందు చూడండి. టూరిస్టుగా వెళ్లి అక్కడ వర్క్ పర్మిట్ ఇప్పిస్తామన్నారంటే ఇంక ఆలోచించొద్దు, ఆపేయండి. అలాంటి ఏజెంట్ కనిపిస్తే పోలీసులకు చెప్పండి, మోసపోయి డబ్బు కట్టినవాళ్లు 1930కి వెంటనే ఫోన్ చేయండి. పరువు పోతుందని దాచిపెట్టే తల్లిదండ్రులే ఎక్కువ, అక్కడే ఏజెంట్లు బతికిపోతున్నారు.

గొల్లపూడి పప్పులకొట్టు:

చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది అన్నా. మా హమాలీ ఒకతని కొడుకు కూడా బ్యాంకాక్ అంటున్నాడు, ఈ పోస్టు సాయంత్రమే చూపిస్తాను. ఆటోనగర్ గారూ, చివరిగా ఒక్క మాట, ఇప్పుడు ఆ రోడ్డు నడుస్తోందా?

ఆటోనగర్ పదిచక్రాలు:

2025లో సైన్యం ఆ రోడ్డులో చాలా చోట్ల మళ్లీ ముందుకు వచ్చింది. కానీ అదే ఏడాది ఆగస్టు 18న రెండో స్నేహ వంతెన మీద సరుకు లారీలను సైనిక ప్రభుత్వమే ఆపేసింది, అటు వెళ్లే పన్ను తిరుగుబాటుదారుల జేబులోకి పోతోందని. తన కస్టమ్స్ ఆదాయం తనే వదులుకుందంటే ఆ రోడ్డు మీద తనకు వచ్చేది ఎంతో, వేరేవాళ్లకు పోయేది ఎంతో లెక్క చూసుకునే ఉంటుంది. హమాలీ గారి అబ్బాయిని ముందు ఏజెంట్ పేరు అడగండి, టికెట్ వేసేశాడా అన్నది కూడా కనుక్కోండి.